కంజురుహాన్ తర్వాత మలాంగ్, సురబాయ అభిమానులు నిజంగా కలిసిపోయారా?

మీరు అడిగింది 2022 అక్టోబర్ 1న ఇండోనేషియాలోని కంజురుహాన్ స్టేడియంలో జరిగిన ఘోరం గురించి. 135 మంది ప్రాణాలు పోయాక, ఒకరి పేరు చెబితే ఒకరికి గిట్టని మలాంగ్ ఊరి అరెమా, సురబాయ ఊరి పెర్సెబాయా ఫుట్‌బాల్ క్లబ్బుల అభిమానులు రాజీపడ్డారని ఎక్కడో చదివారు. అది నిజమేనా, లేక నాలుగు రోజుల ముచ్చటేనా, వేరే దేశాల్లో ఇలాంటి రాజీలు నిలిచాయా అన్నది మీ సందేహం.

ముందే చెప్పేస్తాను. అభిమానులు చాలావరకు కలిశారు. క్లబ్బులు కలవలేదు, కలవాల్సిన అవసరమూ వాటికి కనిపించలేదు. నిలుస్తుందా అంటే, అది అభిమానుల చేతిలో పూర్తిగా లేదు. స్టేడియాల్లో జనం రాకపోకల భద్రత చూసే ఉద్యోగం నాది. ఈ రెండు ఊళ్లూ ఉన్న తూర్పు జావాలోనూ కొంతకాలం పనిచేశాను. అందుకని కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

మలాంగ్‌కూ సురబాయకూ మధ్య దూరం దాదాపు 90 కిలోమీటర్లు. సురబాయ పెద్ద రేవు పట్టణం, దేశంలో జకార్తా తర్వాత అదే. మలాంగ్ కొండల పక్కన చల్లటి ఊరు, కాలేజీల ఊరు. 1927లో పుట్టిన పెర్సెబాయాది ఆకుపచ్చ రంగు, మొసలి గుర్తు. 1987లో వచ్చిన అరెమాది నీలం, సింహం. పెర్సెబాయా అభిమానులను బోనెక్ అంటారు, అరెమా వాళ్లను అరెమానియా. ఈ వైరం గ్రౌండ్‌లో ఆగేది కాదు. సురబాయ బండ్ల నంబర్ ‘ఎల్’తో మొదలవుతుంది, మలాంగ్ బండ్లది ‘ఎన్’తో. మ్యాచ్ రోజున అవతలి ఊరి నంబర్ ప్లేటుతో రోడ్డెక్కితే అద్దం పగిలే అవకాశం ఉందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. మాకు బండి నడిపిన మలాంగ్ డ్రైవర్ ఫుట్‌బాల్ చూసే మనిషి కాదు. అయినా లీగ్ షెడ్యూల్ మాత్రం ఫోన్‌లో దాచుకునేవాడు. ఆ తేదీల్లో సురబాయ బాడుగ ఎంత ఇస్తామన్నా ఒప్పుకునేవాడు కాదు.

ఇక ఆ రాత్రి సంగతి. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. రెండు క్లబ్బుల అభిమానులు కొట్టుకుని చనిపోయారని అనుకుంటారు. అసలు ఆ స్టేడియంలో సురబాయ అభిమానులే లేరు. గొడవలు జరుగుతాయని వాళ్లకు టికెట్లు అమ్మలేదు. లోపల ఉన్నవాళ్లంతా సొంత ఊరి జట్టును చూడ్డానికి వచ్చిన మలాంగ్ జనం. చాలామంది కుటుంబాలతో వచ్చారు, చనిపోయినవాళ్లలో చిన్నపిల్లలు కూడా పదుల సంఖ్యలో ఉన్నారు. సుమారు 38,000 మంది పట్టే చోట 42,000 టికెట్లు అమ్మారు. మ్యాచ్‌ని మధ్యాహ్నం పెట్టమని పోలీసులు ముందే అడిగారు. టీవీ ప్రసారం కోసం రాత్రి 8 గంటలకే ఉంచారు.

అరెమా 2-3తో ఓడింది. సొంత గడ్డ మీద పెర్సెబాయా చేతిలో ఓడడం 23 ఏళ్లలో అదే మొదటిసారి. మ్యాచ్ అయ్యాక మొదట ఒకరిద్దరు తమ ఆటగాళ్లతో మాట్లాడదామని గ్రౌండ్‌లోకి దిగారు. వాళ్ల వెనక ఇంకొందరు, తర్వాత వందల్లో. పోలీసులు, సైనికులు లాఠీలతో తరిమారు. ఆ తర్వాత బాష్పవాయువు ప్రయోగించారు. గ్రౌండ్‌లోకే కాదు, అసలు కదలకుండా కూర్చున్న జనం ఉన్న స్టాండ్లలోకి కూడా. ఎక్కువగా దెబ్బతిన్నది దక్షిణం వైపు స్టాండ్. 11 మంది పోలీసులు ఆ వాయువు గోళాలు కాల్చారని పోలీసు అధిపతి మొదట చెప్పారు. జాతీయ మానవ హక్కుల సంఘం వీడియోలు, శబ్దాలు లెక్కపెట్టి 45 సార్లు కాల్చారని తేల్చింది. కొన్ని గోళాలకు గడువు కూడా దాటిపోయిందని పోలీసులే ఒప్పుకున్నారు. స్టేడియంలోకి ఆ వాయువును తేనే కూడదని ఫిఫా భద్రతా నియమాల్లో స్పష్టంగా ఉంది.

ఈ పనిలో ఉన్నవాడిగా ఒక్క విషయం వివరంగా చెప్పాలి. స్టాండ్ మీద పొగ వస్తే జనం చేసేది ఒకటే, వచ్చిన దారినే బయటికి పరిగెత్తడం. కంజురుహాన్‌లో ఆ దారి ఏటవాలు మెట్లు దిగి ఇరుకైన ఇనుప తలుపు దగ్గర ముగుస్తుంది. ఆ తలుపులు కొన్ని పూర్తిగా తెరిచి లేవు. ముందు వరసలో ఉన్నవాడికి తలుపు మూసి ఉందని తెలుసు, పది మెట్లు పైన ఉన్నవాడికి తెలియదు. అతనికి తెలిసిందల్లా వెనక పొగ ఉందని, కళ్లు మండుతున్నాయని, చంకలో పిల్ల ఏడుస్తోందని. అతను నెడతాడు. అలా నెట్టే వందల మంది బరువు మెట్ల మీద కిందికి దిగుతుంది. అక్కడ ఎవరూ ఎవరినీ తొక్కనక్కర్లేదు, నిలబడిన చోటే ఛాతీ కదలక ఊపిరి ఆగిపోతుంది. గాలి కోసం గేటు పక్కన గోడకున్న జాలీ పగలగొట్టిన ఆనవాళ్లను తర్వాత ప్రపంచమంతా ఫొటోల్లో చూసింది. 13వ నంబర్ గేటు ఆ రాత్రికి గుర్తుగా మిగిలింది. స్టేడియాన్ని మళ్లీ కట్టినప్పుడు కూడా ఆ గేటును అలాగే ఉంచారు.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. సురబాయ అభిమాని ఒక్కడు కూడా లేని చోట జరిగిన చావులకు సురబాయ, మలాంగ్ అభిమానులు రాజీపడడం ఏమిటి? ఎవరు ఎవరికి క్షమాపణ చెప్పాలి?

నా ఉద్దేశంలో వైరం ఆ రాత్రి స్టాండ్లలో లేదు, ఏర్పాట్లలో ఉంది. ‘ఇది పగ మ్యాచ్’ అన్న పేరుతోనే అంత బలగాన్ని దింపారు. పెర్సెబాయా ఆటగాళ్లను సాయుధ వాహనంలో తీసుకెళ్లారు. జనాన్ని ప్రేక్షకులుగా చూడడం మానేసి, అణచాల్సిన గుంపుగా చూశారు. అవతలివాళ్లను రానివ్వకుండా ఆపినంత మాత్రాన ప్రమాదం పోయిందనుకున్నారు. తలుపులు తెరిచి ఉన్నాయా, మెట్ల మీద ఎవరైనా వాలంటీర్ ఉన్నాడా అన్నది ఎవరికీ పట్టలేదు. తమ పాత పగే ఈ ఏర్పాట్లకు సాకు అయిందని రెండు ఊళ్ల కుర్రాళ్లకూ అర్థమైంది. రాజీకి బీజం అక్కడే పడిందని నేను నమ్ముతాను. ‘అది మేమైనా అయ్యుండేవాళ్లం’ అన్న భయం అన్నిటికన్నా గట్టిగా పనిచేసింది.

ఆ వారం జరిగినవి చూడండి. సురబాయలో బోనెక్‌లు పెద్ద సంఖ్యలో చేరి మలాంగ్ మృతుల కోసం ప్రార్థనలు చేశారు. ఆకుపచ్చ జెర్సీల మధ్య నీలం కండువాలు పెట్టుకుని కొవ్వొత్తులు వెలిగించారు. ఆ ఊళ్లో అంతకుముందు నీలం కండువా వేసుకుని బయటికి రావడమంటే దెబ్బలు కోరి తెచ్చుకోవడమే. మరుసటి రోజు, అంటే అక్టోబర్ 2న, బాందుంగ్‌లో జరగాల్సిన ఆ ఊరి జట్టు పెర్సిబ్, జకార్తా జట్టు పెర్సిజా మ్యాచ్ వాయిదా పడింది. ఆ రెండు క్లబ్బుల వైరం కూడా తక్కువది కాదు. 2018 సెప్టెంబర్‌లో పెర్సిజా అభిమాని ఒకరిని బాందుంగ్ స్టేడియం బయటే కొట్టి చంపారు, లీగ్‌నే కొన్నాళ్లు ఆపాల్సొచ్చింది. అలాంటి వైరాల అభిమాన సంఘాలు కూడా ఒకరికొకరు సంతాప సందేశాలు పంపుకున్నాయి.

కానీ గట్టి రాజీ జరిగింది మలాంగ్‌లో కాదు, సురబాయలోనూ కాదు. యోగ్యకర్త అనే ఇంకో ఊళ్లో. అక్కడ పీఎస్ఐఎం, పక్కనే స్లెమాన్‌లో పీఎస్ఎస్, కొంచెం దూరంలో సోలో ఊరి పెర్సిస్. మూడింటి అభిమానులకూ ఒకరంటే ఒకరికి పడదు. కంజురుహాన్‌కు రెండు నెలల ముందే, జూలైలో, పెర్సిస్ అభిమానులు బైకుల మీద యోగ్యకర్త మీదుగా మగెలాంగ్ వెళ్తుంటే వీధుల్లో గొడవలు జరిగాయి, ఆ రోజుల్లోనే ప్రాణాలు కూడా పోయాయి. అక్టోబర్ 4న ఆ మూడు క్లబ్బుల జనం వేలల్లో మండల క్రీడ స్టేడియం దగ్గర చేరి, చేతులు కలిపి, పగ వదిలేశామని ప్రకటించారు. ‘మతరం ఈజ్ లవ్’ అన్న నినాదం అప్పటిదే. మతరం అంటే వాళ్లందరి పూర్వపు రాజ్యం. ఇదే ఎక్కువ నిలవడానికి కారణం నాకు తేలిగ్గానే కనిపిస్తుంది. వాళ్లలో వాళ్లు నిజంగా చంపుకున్నారు, కాబట్టి వదులుకోవాల్సింది ఏమిటో అందరికీ తెలుసు. పైగా వాళ్లు రోజూ ఒకే రోడ్ల మీద తిరగాలి, ఒకే కాలేజీల్లో చదవాలి.

వేరే దేశాల సంగతి. ఎవరి చేతిలో ఎవరు పోయారన్నదాన్ని బట్టి రాజీ కథ మారిపోతుంది. అన్నిటినీ ఒకే గాటన కడితే ఏదీ అర్థం కాదు.

ఇంగ్లండ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో, సెమీఫైనల్ చూడ్డానికి వచ్చిన లివర్‌పూల్ అభిమానులు స్టాండ్‌లో నలిగి చనిపోయింది 1989 ఏప్రిల్ 15న. చివరికి మృతుల సంఖ్య 97. అదే రోజు అదే సమయంలో ఎవర్టన్ ఇంకో సెమీఫైనల్ ఆడి గెలిచింది. లివర్‌పూల్, ఎవర్టన్ ఒకే ఊరివి, ఒకే ఇంట్లో అన్న ఎరుపు, తమ్ముడు నీలం. వారం తిరిగేసరికి రెండు రంగుల కండువాలు ముడివేసి రెండు స్టేడియాల మధ్య ఉన్న స్టాన్లీ పార్క్ మీదుగా వరసగా కట్టారు. లివర్‌పూల్ తర్వాత ఆడిన మొదటి పోటీ మ్యాచ్ ఎవర్టన్ సొంత మైదానంలోనే, మే 3న. అక్కడ నన్ను బాగా ఆకట్టుకున్నది మాత్రం 23 ఏళ్ల తర్వాతి సంగతి. 2012 సెప్టెంబర్‌లో స్వతంత్ర ప్యానెల్ నివేదిక, తప్పు అభిమానులదేనన్న పోలీసుల అబద్ధాలను బయటపెట్టిన కొద్ది రోజులకే, ఎవర్టన్ తన మ్యాచ్‌కు ముందు ఇద్దరు పిల్లలను చేయి చేయి పట్టించి నడిపించింది. ఒకరికి ఎవర్టన్ 9వ నంబర్ జెర్సీ, ఇంకొకరికి లివర్‌పూల్ 6వ నంబర్. అప్పటికి మృతుల లెక్క 96. దుఃఖంలో తోడు రావడం తేలిక. ఎవరూ పట్టించుకోని ఏళ్లలో, కోర్టుల చుట్టూ తిరిగే కుటుంబాలకు తోడు ఉండడం కష్టం. ఎవర్టన్ అది చేసింది.

హీసెల్ స్టేడియం కథ వేరే. 1985 మే 29న బ్రస్సెల్స్‌లో లివర్‌పూల్ అభిమానులు దూసుకొచ్చిన తోపులాటలో గోడ కూలి 39 మంది పోయారు, ఎక్కువమంది యువెంటస్ చూడ్డానికి వచ్చిన ఇటాలియన్లు. ఇక్కడ చంపిన పక్షం, చచ్చిన పక్షం ఉన్నాయి. ఆ రెండు జట్లు మళ్లీ పోటీలో తలపడడానికి 20 ఏళ్లు పట్టింది. 2005 ఏప్రిల్ 5న లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో స్టాండ్ మొత్తం ‘స్నేహం’ అన్న అర్థం వచ్చే ఇటాలియన్ మాటను కార్డులతో పేర్చి చూపించింది. రెండు వైపుల పాత ఆటగాళ్లు ఇయాన్ రష్, మిషెల్ ప్లాటినీ బ్యానర్ మోశారు. కొందరు యువెంటస్ అభిమానులు చప్పట్లు కొట్టారు. కొందరు వెనక్కి తిరిగి వీపు చూపించారు. వీపు చూపించినవాళ్లను తప్పుపట్టే హక్కు నాకు లేదు, మీకూ లేదు. చెయ్యి చాపడం మన పని, పట్టుకోవడం అవతలివాళ్ల ఇష్టం.

పోర్ట్ సయీద్ గురించి తక్కువే చెబుతాను. 2012 ఫిబ్రవరి 1న ఈజిప్టులోని ఆ ఊళ్లో, ఊరి జట్టు అల్ మస్రీ గెలిచిన మ్యాచ్ తర్వాత కైరో జట్టు అల్ అహ్లీ అభిమానుల మీద దాడి జరిగి 74 మంది పోయారు. పోలీసులు చూస్తూ నిలబడ్డారు. మరుసటి ఏడాది కోర్టు 21 మందికి మరణశిక్ష వేయగానే పోర్ట్ సయీద్‌లో మళ్లీ అల్లర్లు, మళ్లీ పదుల సంఖ్యలో చావులు. ఒక ఊరికి న్యాయం అనిపించింది ఇంకో ఊరికి కడుపుకోత అయింది. అక్కడ రాజీ ఊసే లేదు. దానికి బదులు, కైరోలో అహ్లీకి అసలైన పగవాడైన జమాలెక్ అభిమానులు వాళ్లకు దగ్గరయ్యారు. 2015లో జమాలెక్ అభిమానులు సుమారు 20 మంది స్టేడియం గేటు దగ్గర బాష్పవాయువు, తొక్కిసలాటల్లో పోయినప్పుడు అహ్లీ వాళ్లు సంతాపం తెలిపారు.

మన దేశంలోది కూడా చెప్పుకోవాలి. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్‌లో గొడవ రేగి 16 మంది అభిమానులు చనిపోయారు. గ్రౌండ్‌లో ఇద్దరు ఆటగాళ్ల మధ్య మొదలైన గొడవ, రెండు పక్షాల జనం కలిసి కూర్చున్న స్టాండ్‌లోకి పాకింది. కోల్‌కతాలో ఏటా ఆ రోజున రక్తదాన శిబిరాలు పెడతారు. నాకు ఆ పద్ధతి నచ్చుతుంది. ఉపన్యాసాలు ఉంటే ఉంటాయి, కనీసం ఒక సీసా రక్తమైనా ఆసుపత్రికి చేరుతుంది. పగ మాత్రం పోలేదు, పోనక్కర్లేదు కూడా. 2024 ఆగస్టు 18న ఆర్జీ కర్ ఆసుపత్రి దారుణం మీద నిరసనలు జరుగుతాయని డ్యూరండ్ కప్ డెర్బీని, అంటే ఒకే ఊరి రెండు జట్ల మ్యాచ్‌ను, రద్దు చేస్తే, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మొహమ్మడన్ అభిమానులు ముగ్గురూ కలిసి సాల్ట్ లేక్ స్టేడియం బయటికి వచ్చి నినాదాలు చేశారు. మోహన్ బగాన్ అభిమాని భుజాల మీద ఈస్ట్ బెంగాల్ అభిమాని కూర్చున్న ఫొటో మీరూ చూసే ఉంటారు. పోలీసులు లాఠీచార్జి చేశారు. లాఠీకి జెర్సీ రంగు తేడా ఉండదు కదా.

మళ్లీ మలాంగ్‌కు వద్దాం. 2022 అక్టోబర్‌లో కనిపించిన ఆ ఐక్యత తర్వాత ఎందుకు పలచబడింది?

మొదటి దెబ్బ న్యాయం దగ్గర పడింది. ప్రభుత్వం వేసిన నిజనిర్ధారణ బృందం బాష్పవాయువే ప్రధాన కారణమని చెప్పింది. 2023 మార్చిలో సురబాయ కోర్టు మాత్రం ముగ్గురు పోలీసు అధికారుల్లో ఇద్దరిని వదిలేసి, ఒకరికి ఏడాదిన్నర శిక్ష వేసింది. పొగను గాలి వేరే వైపు తీసుకెళ్లిందన్న మాట తీర్పులో వినిపించింది. బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్లు అది విని ఏమైపోయి ఉంటారో ఆలోచించండి. తర్వాత సుప్రీంకోర్టు ఆ ఇద్దరికీ రెండు, రెండున్నరేళ్ల శిక్షలు వేసింది గానీ, అప్పటికే నమ్మకం పోయింది.

రెండోది, అరెమా క్లబ్ పట్ల కోపం. మృతుల కుటుంబాలు ఇంకా కోర్టు మెట్ల మీదే ఉండగా లీగ్ మళ్లీ మొదలైంది. క్లబ్ ఏమీ జరగనట్టు ఆడుతోందని మిగతా ఊళ్ల అభిమానులకు మంటెత్తింది. 2023 జనవరిలో స్లెమాన్‌లో అరెమా బస్సు మీద రాళ్లు పడ్డాయి. అవును, రాజీపడి నాలుగు నెలలు తిరక్కుండానే ఆ ప్రాంతంలోనే. ఆ నెలాఖరుకు అరెమా సొంత అభిమానులే క్లబ్ ఆఫీసు ముందు నిరసనకు దిగితే అది రణరంగమైంది. చాలా ఊళ్లు అరెమాకు మైదానం ఇవ్వడానికి వెనకాడాయి, చివరికి జట్టు బాలీ వెళ్లి ఆడింది. చూశారా, మలాంగ్ మృతుల మీద సానుభూతి, మలాంగ్ క్లబ్ మీద కోపం, రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. ‘రాజీ విఫలమైంది’ అని రాసే విలేకరులకు ఈ సంగతి పట్టదు.

మూడోది నిరుత్సాహం కలిగించేది. బాగుచేసిన కంజురుహాన్‌కు అరెమా 2025 మేలో తిరిగొచ్చింది. కెదిరి ఊరి జట్టు పెర్సిక్ చేతిలో 0-3తో ఓడింది. మ్యాచ్ అయ్యాక పెర్సిక్ బస్సు మీద రాళ్లు పడి ఆ జట్టు కోచ్‌కు గాయమైంది. 135 మంది పోయిన స్టేడియం బయట, తిరిగొచ్చిన మొదటి మ్యాచ్‌లోనే. కుర్చీలు, గేట్లు మార్చారు, బయటి రోడ్డు మీద ఏర్పాట్లు మాత్రం పాతవే అన్నమాట.

కాబట్టి నిలుస్తుందా అన్నదానికి నా జవాబు ఇది. దుఃఖం వల్ల వచ్చిన రాజీకి ఆయుష్షు ఒక సీజన్. ఆ తర్వాత దాన్ని నిలిపేది మామూలు పనులు. కండువాలు ముడివేయడం కన్నా, రెండు అభిమాన సంఘాల నాయకులు మ్యాచ్‌కు వారం ముందు కూర్చుని బస్సులు ఏ దారిన వస్తాయో మాట్లాడుకోవడం ఎక్కువ ప్రాణాలు కాపాడుతుంది. ఇక్కడే అధికారులు చేసిన పని నాకు అసలు నచ్చదు. 2023-24 సీజన్ నుంచి అవతలి జట్టు అభిమానులు మ్యాచ్‌కు రాకూడదని నిషేధం పెట్టారు, తర్వాతా కొనసాగించారు. రాజీపడ్డామన్న జనాన్ని ఒకరి ముఖం ఒకరు చూడకుండా చేశారు. కంజురుహాన్‌లో కూడా అవతలివాళ్లు లేరన్న సంగతి మళ్లీ గుర్తుచేస్తున్నాను. అలాంటి నిషేధం ఆ రాత్రి ఒక్క ప్రాణాన్నీ కాపాడలేదు.

నన్నడిగితే సురబాయ, మలాంగ్ మ్యాచ్‌కు మధ్యాహ్నం వేళ, అవతలివాళ్లకు ఒక ఐదొందల టికెట్లతో మొదలుపెట్టాలి. వాళ్ల పక్కన నిలబడాల్సింది డాలు పట్టుకున్న పోలీసు కాదు, రెండు సంఘాల నుంచి శిక్షణ ఇచ్చి తీసుకున్న వాలంటీర్లు. గేట్లు ఆట ముగియడానికి పావుగంట ముందే బార్లా తెరిచి, ప్రతి మెట్ల వరసకూ రేడియో ఉన్న మనిషి ఒకడు ఉండాలి. గ్యాస్ తుపాకులు స్టేడియం గేటు లోపలికి రాకూడదు. అలాంటి మ్యాచ్‌లు రెండు మూడు సజావుగా జరిగాక టికెట్లు వెయ్యి చేయొచ్చు. గొడవ జరిగితే మళ్లీ మూడొందలకు తగ్గించొచ్చు, మొత్తానికి ఎత్తేయకూడదు.